ఖాళీ షట్టర్లు: ఉపాయాలు బోలెడు, కుదరనిది అద్దె

మూతపడిన దుకాణాన్ని నింపడానికి ఉపాయాలకు కొదవ లేదు. మూడు నెలల పాటు చిత్రకారులకు ఉత్తినే ఇవ్వచ్చు. ఖాళీగా పెట్టినందుకు ఓనరు మీద పన్ను వేయచ్చు. మూలబడ్డ సూపర్ మార్కెట్లో గ్రంథాలయం తెరవచ్చు. ఏదీ కుదరకపోతే పడగొట్టి పార్కు వేయచ్చు. ఈ నాలుగూ ఎక్కడో ఒకచోట జరిగిన పనులే. అయినా 2008 మాంద్యం నాటి నుంచి సాగుతున్న ఈ చర్చ తేలకపోగా మరింత చిక్కుపడింది. కళాకారులు వస్తే వీధి బతుకుతుందని ఒకరంటే, వాళ్ల కష్టంతో ఓనరు ధర పెంచుకుంటాడని ఇంకొకరంటారు. పన్ను వేస్తే దారికొస్తారని ఒక నగరం చట్టం చేస్తే, అలాంటి పన్నునే తప్పించుకోవడానికి మరో నగరంలో ఆఫీసు గదుల్లో నత్తలను పెంచారు.

చిక్కంతా ఎక్కడుందంటే, వాదించేవాళ్లు అందరూ ‘ఖాళీ’ అనే అంటున్నారు గానీ ఒక్కొక్కరి మనసులో ఉన్న ఖాళీ ఒక్కో రకం. దాన్ని విడదీసుకోకుండా ఏ ఉపాయం గొప్పదో చెప్పబోతే మాట ముందుకు సాగదు.

మూడు రకాల ఖాళీ

మొదటి రకం మామూలుది. ఒకరు ఖాళీ చేస్తారు, ఇంకొకరు వస్తారు, మధ్యలో రెండు మూడు నెలలు తాళం ఉంటుంది. ఏ బజారులోనైనా ఇది ఉండాల్సిందే. లేకపోతే కొత్తగా వ్యాపారం పెట్టుకునేవాడికి చోటే దొరకదు.

రెండోది ఎదురుచూపు ఖాళీ. తీసుకునేవాళ్లు ఉన్నా, వాళ్లు చెప్పిన అద్దెకు ఓనరు ఇవ్వడు. బయటివాళ్లకు ఇది మొండితనంలా కనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే అంత తెలివితక్కువ పనేం కాదు. వాణిజ్య భవనం విలువను దాని అద్దెను బట్టే కడతారు. నెలకు 50 వేలు వచ్చే షాపుకు ఏడాది అద్దె 6 లక్షలు. పెట్టుబడి మీద 6 శాతం రావాలనుకుంటే దాని విలువ కోటి రూపాయలు. దాన్నే 30 వేలకు ఇచ్చాడనుకుందాం. అదే లెక్కన విలువ 60 లక్షలకు దిగుతుంది. దాని మీద అప్పటికే 70 లక్షల అప్పు తెచ్చి ఉంటే బ్యాంకు ఏమంటుందో చెప్పనక్కర్లేదు. తాళం వేసి ఉంచితే మాత్రం ‘50 వేల షాపు, ప్రస్తుతానికి ఖాళీ’ అని చెప్పుకోవచ్చు. ఇప్పుడు తక్కువకు ఇచ్చి ఐదేళ్లు ఇరుక్కునే కన్నా, ఆరు నెలలు ఆగితే మంచి బ్రాండు రావచ్చన్న ఆశ దీనికి తోడు.

మూడోది మిగులు. ఆ ఊరికి, ఆ వీధికి అవసరమైన దానికన్నా ఎక్కువ దుకాణాలు కట్టేశారు. అద్దె ఎంత దించినా అన్నిటికీ గిరాకీ రాదు.

ఇప్పుడు చర్చలో ఉన్న ఉపాయాల్లో చాలామటుకు ఈ మూడింటిలో ఒకదానికే పనికొస్తాయి. ఎదురుచూపు మీద పని చేసే మందును మిగులుకు వాడటం వల్లే సగం వైఫల్యాలు వచ్చాయని నా అభిప్రాయం.

ఇంత దూరం ఎలా వచ్చింది

1956లో అమెరికాలోని మినియాపోలిస్ శివారు ఈడైనాలో విక్టర్ గ్రూయెన్ గీసిన సౌత్‌డేల్ సెంటర్ తెరుచుకుంది. పైకప్పు, ఏసీ ఉన్న ఆధునిక షాపింగ్ మాల్‌కు అదే నమూనా అయింది. తర్వాతి అరవై ఏళ్లలో కొనుగోళ్లు వీధి నుంచి మాల్‌కు, మాల్ నుంచి ఫోను తెరకు నడిచాయి. ప్రతి మలుపులోనూ వెనకటి కట్టడాలు మిగిలిపోయాయి. జపాన్ పెద్ద దుకాణాలను అదుపు చేసే చట్టాన్ని 1974 నుంచి అమలు చేసి 2000లో తీసేసింది. అక్కడి చిన్న పట్టణాల్లో పైకప్పు వేసిన బజారు వీధులు వరసగా షట్టర్లు దించుకున్నాయి.

చర్చకు వేడి పుట్టింది మాత్రం బ్రిటన్‌లో. 2008 చివర, 2009 మొదట్లో వూల్‌వర్త్స్ గొలుసు 800కు పైగా దుకాణాలు మూసేసింది. ప్రతి ఊరి నడిబొడ్డునా ఒక పెద్ద ఖాళీ ఒకేసారి ఏర్పడింది. 2016లో బీహెచ్‌ఎస్, 2021లో డెబెన్‌హామ్స్ అదే దారి పట్టాయి. ఊరి నడిమి వీధి చచ్చిపోతోందన్న మాట అక్కడ ఎన్నికల అంశమైంది. అందుకే ఈ విషయంలో ఎక్కువ ప్రయోగాలూ ఎక్కువ పొరపాట్లూ కూడా బ్రిటన్‌వే.

తాత్కాలికంగా ఇచ్చేద్దాం: న్యూకాజిల్ పాఠం

కొత్త ఆలోచనలు చవక అద్దె ఉన్న పాత కట్టడాల్లోనే పుడతాయని జేన్ జేకబ్స్ 1961లోనే వాదించింది. తాత్కాలిక వాడకం వాదులందరికీ మూలం ఆవిడే. న్యూయార్క్‌లో చషమా అనే సంస్థ 1995 నుంచి ఖాళీ స్థలాలను కళాకారులకు ఇప్పిస్తోంది. కానీ ఈ దారిలో అందరూ చెప్పుకునే ఊరు ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్.

అది బొగ్గు, ఉక్కు ఊరు. 1989 డిసెంబరులో భూకంపం దెబ్బ తీసింది. 1999లో బీహెచ్‌పీ ఉక్కు కర్మాగారం మూతపడింది. నడిబొడ్డున ఉన్న హంటర్ స్ట్రీట్ వెలవెలబోయింది. ఆ ఊరివాడే అయిన మార్కస్ వెస్ట్‌బరీ లెక్కపెడితే ఖాళీ కట్టడాలు 150 దాకా తేలాయి. 2008లో ఆయన ‘రెన్యూ న్యూకాజిల్’ సంస్థ పెట్టాడు. నగలు చేసేవాళ్లు, ఫోటోగ్రాఫర్లు, బట్టలు కుట్టేవాళ్లు, చిన్న ప్రచురణకర్తలు ఖాళీ షాపుల్లోకి వచ్చారు. 2011కు లోన్లీ ప్లానెట్ సంస్థ ప్రపంచంలో చూడదగ్గ మొదటి పది నగరాల జాబితాలో న్యూకాజిల్‌ను చేర్చింది.

ఈ కథను చాలామంది కళ గెలిచిన కథగా చెబుతారు. నిజానికి గెలిచింది ఒక కాగితం. మామూలు లీజు ఇస్తే అద్దెదారుకు హక్కులు వస్తాయి. ఖాళీ చేయించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే ఓనర్లు ఉత్తపుణ్యానికి ఎవరికీ ఇవ్వరు. వెస్ట్‌బరీ బృందం లీజు బదులు 30 రోజుల లైసెన్సు రాయించింది. అసలు అద్దెదారు దొరికితే నెల నోటీసుతో వెళ్లిపోవాలి. బీమా, బాధ్యత సంస్థ చూసుకుంటుంది. ఓనరు పోగొట్టుకునేది ఏమీ లేదు, ఆస్తి విలువ కాగితం మీద చెక్కుచెదరదు. హంటర్ స్ట్రీట్ మాల్ ప్రాంతంలో ఎక్కువ షాపులున్న జీపీటీ అనే పెద్ద కంపెనీయే ముందుకొచ్చింది. ఎదురుచూపు ఖాళీకి ఇంతకన్నా సరిపోయే పద్ధతి నాకు కనిపించలేదు. ఓనరు ఎదురుచూపును మానమనకుండా, ఆ ఎదురుచూసే కాలాన్ని మాత్రం అరువు తీసుకుంది.

బ్రిటన్ ఇదే ఆలోచనను ప్రభుత్వ పథకం చేసింది. 2009లో ఖాళీ దుకాణాల కోసం స్థానిక కౌన్సిళ్లకు 30 లక్షల పౌండ్లు ఇచ్చి, ‘మీన్‌వైల్ లీజు’ పేరుతో ఒక నమూనా పత్రం తెచ్చింది. 2011 డిసెంబరులో టీవీ ప్రముఖురాలు మేరీ పోర్టస్ 28 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది మొదట 12 పట్టణాలకు తలా లక్ష పౌండ్ల చొప్పున అందాయి. హడావిడి బాగా జరిగింది. ఆ పట్టణాల్లో దుకాణాలు మాత్రం తర్వాత కూడా మూతపడుతూనే వచ్చాయి. లక్ష పౌండ్లతో మిగులు కరగదు కదా.

ఈ వాదం మీద రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి, ఇది కళాకారుల ఉచిత శ్రమ. వాళ్లు వీధికి కళ తెస్తారు, అద్దె పెరుగుతుంది, వాళ్లే ముందు బయటికి పోతారు. న్యూకాజిల్‌లో మాల్ ప్రాంతం చేతులు మారి అపార్టుమెంట్ల కట్టడం మొదలైంది. సంస్థ 2019లో పని ముగించింది. ఇది విజయమా, వాడుకుని వదిలేయడమా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. ఆ షాపుల్లో మొదలైన కొన్ని వ్యాపారాలు తర్వాత సొంతంగా అద్దె కట్టుకునే స్థితికి వచ్చాయి. ఆ మేరకు మొదటి అభ్యంతరం బలం తగ్గుతుంది.

రెండోది ఇంకా పదునైనది. తాత్కాలికంగా ఇవ్వడం వల్ల ఓనరుకు ఖాళీ నొప్పి తెలియకుండా పోతుంది. అద్దె దించాల్సిన అవసరం వాయిదా పడుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో 2023లో ‘వేకెంట్ టు వైబ్రెంట్’ పేరిట డౌన్‌టౌన్‌లోని ఖాళీ షాపులను మూడు నెలలు అద్దె లేకుండా చిన్న వ్యాపారులకు ఇప్పించింది. కొందరు తర్వాత పూర్తి లీజుకు కుదిరారు. కుదిరినవాళ్లను లెక్కపెట్టడం తేలిక. ఆ ఉచిత కాలం లేకపోతే ఓనర్లు ఎంతకు దిగేవారో ఎవరు లెక్కపెడతారు?

పన్ను వేద్దాం: నత్తలు, బ్లూటూత్, కోర్టులు

తాత్కాలిక వాడకం ఒక ఆలోచనా బడి అయితే, రెండో బడి వాళ్లకు ఈ బతిమాలుడు నచ్చదు. ఖాళీ వల్ల పక్క దుకాణానికి గిరాకీ తగ్గుతుంది, వీధి దీపాల ఖర్చు ఊరిదే, లాభం వస్తే ఓనరుది. కాబట్టి ఖాళీకి ఖరీదు కట్టాలంటారు.

వాషింగ్టన్ డీసీలో ఖాళీ భవనానికి ప్రతి 100 డాలర్ల విలువకు 5 డాలర్లు, పాడుబడిన దానికి 10 డాలర్లు ఆస్తిపన్ను. ఫ్రాన్స్‌లో రెండేళ్లకు మించి వాడని వాణిజ్య స్థలాల మీద ఏడాదికేడాది పెరిగే పన్ను వేసుకునే అధికారం పురపాలికలకు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 2020 మార్చిలో ఒప్పుకున్న పన్ను పద్ధతి వేరు. వీధి వైపు షాపు ముఖం ఎన్ని అడుగులుంటే అన్ని అడుగులకు కట్టాలి. మొదటి ఏడాది అడుగుకు 250 డాలర్లు, తర్వాత 500, ఆపైన 1,000. ఏడాదిలో 182 రోజులు దాటి ఖాళీగా ఉంటేనే ఇది వర్తిస్తుంది. షాపు లోపలి విస్తీర్ణాన్ని వదిలేసి వీధికి కనిపించే ముఖాన్ని కొలవడం తెలివైన పని. నష్టపోయేది వీధే గనక కొలత కూడా వీధిదే అయింది.

పన్ను దారి ఎంత జారుడో తెలియాలంటే మాత్రం ఇంగ్లండు చూడాలి. 2008 ఏప్రిల్ వరకు అక్కడ ఖాళీ దుకాణానికి వాణిజ్య పన్నులో సగం రాయితీ ఉండేది. దాన్ని తీసేశారు. మూడు నెలల గడువు దాటితే పూర్తి పన్ను కట్టాల్సిందే. ఆరు వారాలు ఎవరైనా వాడితే మళ్లీ కొత్తగా మూడు నెలల మినహాయింపు మొదలవుతుంది. ఇక చూడండి. ఒక గోదాములో నేల విస్తీర్ణంలో 0.2 శాతం చోట కాగితాల కట్టలు పెట్టి ‘వాడుతున్నాం’ అన్నారు. 2012లో కోర్టు ఔనంది. మరొకచోట ఒక చిన్న బ్లూటూత్ పరికరం పెట్టి సందేశాలు పంపిస్తూ అదీ వాడకమే అన్నారు. సండర్‌ల్యాండ్ కౌన్సిల్ ఒప్పుకోలేదు. 2013లో హైకోర్టు ఆ కౌన్సిల్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. వ్యవసాయానికి పన్ను మినహాయింపు ఉందని లండన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఆఫీసు గదుల్లో నత్తల పెంపకం పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఖాళీ స్థలాలను నింపే సృజనాత్మక పద్ధతులు అంటే ఇవీ వస్తాయి మరి. 2024 ఏప్రిల్‌లో ఆరు వారాలను 13 వారాలకు పెంచి ప్రభుత్వం గోడలో ఒక పగులు పూడ్చింది.

పన్నుతో విసిగి ఇంగ్లండు ఇప్పుడు ఇంకో అడుగు వేసింది. 2023 చట్టం ప్రకారం 2024 డిసెంబరు నుంచి కౌన్సిళ్లకు కొత్త అధికారం వచ్చింది. రెండేళ్లలో 365 రోజులకు మించి ఖాళీగా ఉన్న షాపును కౌన్సిలే వేలం వేసి, ఒకటి నుంచి ఐదేళ్ల లీజుకు ఇప్పించవచ్చు. ఓనరుకు ఆస్తి ఉంటుంది, అద్దె వస్తుంది. ఎంత అద్దె అన్నది మాత్రం వేలం చెబుతుంది. ఎదురుచూపు ఖాళీలో అద్దెను నేరుగా తాకేది ఇదొక్కటే. ఫలితం చెప్పడానికి ఇంకా సమయం ఉంది.

రూపమే మార్చేద్దాం

మూడో బడికి మిగులు మీదే దృష్టి. ఇక్కడ దుకాణం మళ్లీ రాదు, కాబట్టి ఆ కట్టడంలో ఇంకేదైనా రావాలి. టెక్సస్‌లోని మెకాలెన్‌లో వాల్‌మార్ట్ వదిలేసి వెళ్లిన లక్షా 20 వేల చదరపు అడుగులకు పైగా ఉన్న షెడ్డు 2011లో పౌర గ్రంథాలయం అయింది. నాష్‌విల్‌లో మునిగిపోతున్న హండ్రెడ్ ఓక్స్ మాల్ పై అంతస్తును 2009లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వైద్య కేంద్రం తీసుకుంది. కింద దుకాణాలను అలాగే ఉంచారు. రోగి వెంట వచ్చినవాళ్లూ వాటికి గిరాకీ అయ్యారు. వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్‌టన్‌లో హైస్కూలు భవనంలో విష రసాయనాలు బయటపడితే, 2021లో పిల్లల్ని ఖాళీగా ఉన్న మేసీస్ దుకాణంలోకి మార్చారు. ఎస్కలేటర్ల మీదుగా క్లాసులకు వెళ్లారు.

ఈ మూడింట్లో ఉన్న పోలిక ఒకటే. అద్దె కట్టగల పెద్ద సంస్థ ఒకటి వెనక ఉంది. అది లేనిచోట మార్కెట్టుకు వదిలితే ఏమవుతుందో ఇంగ్లండు చూపించింది. 2013 నుంచి ఆఫీసులను ప్రత్యేక అనుమతి లేకుండానే ఇళ్లుగా మార్చుకోనిచ్చారు. 2020లో ప్రభుత్వమే చేయించిన అధ్యయనంలో, అలా వచ్చిన ఇళ్లలో 22.1 శాతమే జాతీయ స్థల ప్రమాణాలకు సరితూగాయి. మామూలు అనుమతితో మార్చినవాటిలో అది 73.4 శాతం. కిటికీ లేని గదులు కూడా బయటపడ్డాయి. ఖాళీ నిండింది, మనుషులు ఇరుకున పడ్డారు.

పూర్తిగా పడగొట్టిన ఊరు స్టాక్టన్-ఆన్-టీస్. అక్కడి కౌన్సిల్ రెండు షాపింగ్ సెంటర్లనూ కొని, ఒకదాంట్లోని వ్యాపారులను రెండోదానిలోకి సర్ది, కాసిల్‌గేట్‌ను 2022 నుంచి కూల్చి నది ఒడ్డున పార్కు చేపట్టింది. ఊరికి ఇన్ని దుకాణాలు అక్కర్లేదని ఒక ప్రజాసంస్థ బహిరంగంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

యాజమాన్యమే మార్చేద్దాం

నాలుగో బడి గొంతు చిన్నది. వాళ్లనేది, విడివిడి ఓనర్లు ఉన్నంతకాలం వీధిని ఒకటిగా నడపడం కుదరదని. మాల్‌కు ఒకడే యజమాని ఉండటమే దాని బలం. మరి వీధికి?

పారిస్ నగరం 2004లో మొదలుపెట్టిన ‘వైటల్ కార్తియే’ పథకం కింద నగరానికి చెందిన సంస్థ షాపులను కొని, తనకు కావలసిన వ్యాపారాలకు, ముఖ్యంగా లాటిన్ క్వార్టర్‌లో పుస్తకాల కొట్లకు, అద్దెకిచ్చింది. జపాన్‌లోని తకమత్సులో మరుగమె వీధి స్థల యజమానులు ఇంకా కష్టమైన పని చేశారు. భూమి తమ పేరునే ఉంచుకుని, వాడుకునే హక్కును 60 ఏళ్లకు ఉమ్మడి సంస్థకు అప్పగించారు. అద్దె స్థిరంగా కాకుండా అమ్మకాలను బట్టి వస్తుంది. వీధి ఎత్తిపోతే వాళ్ల రాబడీ పోతుంది. మొదటి భాగం 2006లో తెరిచారు. ఎదురుచూపులో లాభం లేకుండా చేయడానికి పన్నుతో పని లేదని తేల్చిన ప్రయోగమిది. అయితే అంతమంది ఓనర్లతో ఒక్క కాగితం మీద సంతకం పెట్టించడం ఎన్నేళ్ల పనో ఊహించుకోవచ్చు.

ఏ పథకమూ లేకుండా నిండిన వీధులు కూడా ఉన్నాయని ఇక్కడే గుర్తుచేయాలి. న్యూజెర్సీలోని ఎడిసన్, ఐసెలిన్‌ల గుండా పోయే ఓక్ ట్రీ రోడ్డులో ఒకప్పుడు ఖాళీ షాపులే. భారతీయ వ్యాపారులు, ముందు ఎక్కువగా గుజరాతీలు, ఆ చవక అద్దెల్లోకి వచ్చి చీరలు, నగలు, స్వీట్లు పెట్టారు. ఇవాళ ఆ రాష్ట్రంలోని తెలుగువాళ్లకు పెళ్లి బట్టలకైనా పండగ సరుకులకైనా అదే బజారు. అక్కడ కమిటీ లేదు, నివేదిక లేదు. అద్దె దిగింది, మనుషులు వచ్చారు.

నాలుగూ పక్కపక్కన

డబ్బు ఎవరి జేబులోంచి పోతుందో చూస్తే ఈ బడుల మధ్య తేడా స్పష్టమవుతుంది. తాత్కాలిక వాడకంలో ఖర్చు తక్కువ, అదీ ఎక్కువగా వాడుకునేవాడి శ్రమ రూపంలో. నెలల్లో ఫలితం కనిపిస్తుంది, నెలల్లోనే పోవచ్చు. పన్నులో భారం ఓనరుది. వసూలు చేసే యంత్రాంగం, ఖాళీల జాబితా లేకపోతే అది కాగితం పులి. రూపం మార్చడంలో పెట్టుబడి భారీగా కావాలి, అది చాలాసార్లు ప్రభుత్వానిదే. ఒకసారి జరిగితే తిరుగు లేదు. యాజమాన్యం మార్చడం అన్నిటికన్నా నెమ్మది, అన్నిటికన్నా నిలిచేది. మొదటి రెండూ ఎదురుచూపు ఖాళీకి, మూడోది మిగులుకు, నాలుగోది రెంటికీ కొంత కొంత పనికొస్తాయి.

మన ఊళ్లలో

మన దగ్గర ఈ చర్చ ఎక్కువగా ఆఫీసు స్థలాల లెక్కల చుట్టూ తిరుగుతోంది. మాల్స్ గురించి నైట్ ఫ్రాంక్ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక, నలభై శాతానికి మించి ఖాళీ ఉన్నవాటిని దయ్యాల మాల్స్‌గా లెక్కించి, ఎనిమిది పెద్ద నగరాల్లో అలాంటివి 2023లో 64 అని, వాటి విస్తీర్ణం 1.33 కోట్ల చదరపు అడుగులని చెప్పింది. హైదరాబాద్‌లో మాత్రం ఈ ఖాళీ తగ్గిందంది.

వీటిలో మన దేశంలో బాగా కనిపించే జబ్బు ఒకటుంది. బిల్డరు మాల్‌ను ముక్కలుగా అమ్మేస్తాడు. ఒక్కో షాపు ఒక్కో డాక్టరుదో, ఎన్నారైదో, రిటైరైన ఉద్యోగిదో అవుతుంది. కింద కావలసింది సూపర్ మార్కెట్టా, చెప్పుల షాపా అని నిర్ణయించేవాడు ఉండడు. తకమత్సు వీధి ఓనర్లు కష్టపడి ఒకటైతే, మనం ఒకటిగా కట్టినదాన్ని చేతులారా విడగొట్టాం. మన పట్టణాల కాంప్లెక్సుల్లో పై అంతస్తు మడిగెలు ఏళ్ల తరబడి మూసి ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

చట్టం వైపు నుంచి చూస్తే ఒక విచిత్రం. న్యూకాజిల్ వాళ్లు కష్టపడి కనిపెట్టిన స్వల్పకాలిక కాగితం మనకు ఎప్పటి నుంచో ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం మూల పాఠం ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది గనక దేశంలో చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. అయినా ఓనర్లకు ధైర్యం లేదు. ‘లైసెన్సు’ అని రాసినంత మాత్రాన అది లైసెన్సు కాదు. ఢిల్లీ ఇంపీరియల్ హోటల్‌లో క్షౌరశాల నడిపిన వ్యక్తి కేసులో 1959లో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను తేల్చింది. కాగితం పేరును కాక సారాన్ని చూడాలని అందులో మన రాజమండ్రి వారైన జస్టిస్ కోకా సుబ్బారావు చెప్పిన పరీక్షనే ఇప్పటికీ కోర్టులు వాడుతున్నాయి. అద్దెదారుకు అది రక్షణ. తాత్కాలిక వాడకానికి అదే అడ్డం. 2021 జూన్‌లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం వాణిజ్య స్థలాలకు అడ్వాన్సును ఆరు నెలల అద్దెకు పరిమితం చేసి, వేగంగా తేల్చే అద్దె కోర్టులను సూచించింది. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది.

పన్ను విషయంలో మనం ఇంగ్లండుకు సరిగ్గా ఎదురు దిక్కున నడిచాం. ఆదాయపు పన్ను చట్టంలో, అద్దెకిచ్చిన ఆస్తి కొంతకాలం ఖాళీగా ఉంటే ఆ మేరకు అద్దె ఆదాయం తగ్గించి చూపుకునే వీలుంది. అమ్ముడుపోని స్టాకు మీద బిల్డరుకు రెండేళ్ల వెసులుబాటు కూడా ఇచ్చారు. ఇది న్యాయమే, రాని అద్దెకు పన్నేమిటి? కానీ ఎదురుచూపును ఇది కొంత చవక చేస్తుందన్నదీ నిజమే.

ఇక ఉపాయాల సంగతికొస్తే, మనవాళ్లు ఏ పోర్టస్ నివేదికా చదవకుండానే చాలా చేశారు. మూతపడ్డ సినిమా హాళ్లు ఫంక్షన్ హాళ్లయ్యాయి, గోదాములయ్యాయి. పై అంతస్తులు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, డయాగ్నస్టిక్ సెంటర్లు అయ్యాయి. ఖాళీ షట్టర్లో పది రోజుల చేనేత ఎగ్జిబిషన్, ఎన్నికలొస్తే నెల రోజుల పార్టీ ఆఫీసు. ఇందులో దేనికీ పథకం పేరు లేదు, లెక్కా లేదు. లెక్క లేకపోవడమే నా ఫిర్యాదు.

ఇంకా తేలనివి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న సాక్ష్యానిది. ఒక వీధిలో పాప్-అప్ (తాత్కాలిక) దుకాణం పెట్టాక గిరాకీ పెరిగితే, అది కొత్తగా వచ్చిందా, పక్క వీధి నుంచి తరలిందా? దీన్ని శ్రద్ధగా కొలిచిన ప్రయోగాలు అరుదు. పన్ను వేసిన నగరాల్లో కూడా ఖాళీ తగ్గితే పన్ను వల్లనా, వ్యాపారం పుంజుకోవడం వల్లనా అన్నది విడదీయడం కష్టం. కోవిడ్ వచ్చి ఆ లెక్కలను మరింత కలగాపులగం చేసింది.

రెండోది, అసలు నిండటమంటే ఏమిటన్నది. పది నిమిషాల్లో సరుకు తెచ్చే కంపెనీల డార్క్ స్టోర్లు ఇప్పుడు కాలనీల్లో ఖాళీ మడిగెలను తీసుకుంటున్నాయి. ఓనరుకు అద్దె వస్తుంది, పన్ను లెక్కలో అది నిండిన షాపే. వీధిలో నడిచేవాడికి మాత్రం అద్దాల మీద స్టిక్కర్లు, బయట బైకులు తప్ప ఏమీ కనిపించదు. పారిస్ దీని మీద కోర్టుకెక్కింది. 2023 మార్చిలో ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం అవి దుకాణాలు కావు, గోదాములని తేల్చింది. మన మునిసిపాలిటీల్లో ఈ ప్రశ్న వేసిన జాడ నాకు కనిపించలేదు.

మూడోది అద్దె. పై పద్ధతులన్నీ ఏదో ఒక మలుపులో దాని దగ్గరికే వచ్చి ఆగుతాయి. అద్దెను మార్కెట్టు దించాలా, వేలం దించాలా, చట్టం దించాలా అన్నదాని మీద ఆర్థికవేత్తలూ పట్టణ ప్రణాళికలవాళ్లూ ఒక మాట మీద లేరు. నా మొగ్గు ఇంగ్లండు వేలం వైపు. ధర ఎంతో ప్రభుత్వం చెప్పదు, ధర తేలకుండా ఏళ్లు గడపడాన్ని మాత్రం ఆపుతుంది.

మన దగ్గర ప్రైవేటు ఓనర్ల జోలికి పోయే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మునిసిపల్ కాంప్లెక్సుల్లో, ఆర్టీసీ బస్టాండుల్లో వేలం పాట ధర ఎక్కువై మిగిలిపోయిన షాపులు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ షాపులకు మూడేళ్లకోసారి అద్దెను మూడో వంతు పెంచే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. పడిపోతున్న వీధిలో ఆ లెక్క నిలవదు. ఇక్కడ ఓనరు ప్రజలే గనక ప్రయోగానికి ఏ ప్రైవేటు ఓనరు అనుమతీ అక్కర్లేదు. ప్రతి మునిసిపాలిటీ తన ఖాళీ షాపులెన్నో, ఎన్ని నెలలుగా ఖాళీయో, ఎంత అద్దె అడుగుతోందో నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఏడాది దాటినవాటిని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలకో, చేతిపనివాళ్లకో 11 నెలల కాగితం మీద, వచ్చిన అమ్మకాల్లో కొంత వాటాను అద్దెగా తీసుకునే షరతుతో ఇచ్చి చూడాలి. ఆ ఏడాది చివర ఎంత వచ్చిందో కూడా అదే బోర్డు మీద రాయాలని వార్డు కౌన్సిలర్లను అడగండి.